నాలుగేళ్లుగా ఎగ్జోమైజర్ వాడుతున్నాను, నా అనుభవం ఇది

హైదరాబాద్‌లో ఒక జెనెటిక్స్ ల్యాబ్‌లో పని చేస్తాను. ఒక మనిషి ఎగ్జోమ్ (జన్యువుల్లో ప్రొటీన్ల తయారీకి పనికొచ్చే భాగాలు) చదివితే ఇరవై వేలకు పైగా వేరియంట్లు, అంటే రిఫరెన్స్ డీఎన్ఏతో పోలిస్తే తేడాలు, వస్తాయి, జబ్బు తెచ్చింది అందులో ఒకటో రెండో. ఎగ్జోమైజర్ అనే సాఫ్ట్‌వేర్ చేసేది ఆ గుట్టని జల్లెడ పట్టడం. వీసీఎఫ్ ఫైలూ (ఆ వేరియంట్ల జాబితా), పేషెంట్ లక్షణాల హెచ్‌పీఓ కోడ్‌లూ (ఒక్కో లక్షణానికి ఒక ప్రామాణిక కోడ్) ఇస్తే చాలు, వేరియంట్ ఎంత అరుదు, ప్రొటీన్‌ని ఎంత చెడగొడుతుంది, ఆ జన్యువు పాడైతే మనుషుల్లో, ఎలుకల్లో, జీబ్రాఫిష్‌లో ఏమేం కనిపించాయి, ఇవన్నీ కలిపి చూసి జన్యువులకు ర్యాంకులు వేస్తుంది. పైగా ఉచితం.

కానీ ర్యాంకు బాగుండాలంటే లక్షణాలు బాగా రాయాలి. ఒక బాబు కేసు చెప్తాను. తల్లిదండ్రులది మేనరికం. ఫారంలో ఉన్నవి రెండే ముక్కలు: ఎదుగుదల ఆలస్యం, ఫిట్స్. మేనరికం అయితే రెండు కాపీలూ ఒకేలా ఉన్న అరుదైన వేరియంట్లు చాలా తేలతాయి, అందుకని ఏవేవో జన్యువులు పైకొచ్చి హెక్స్-ఏ అనే జన్యువు పద్నాలుగో స్థానంలో పడింది. నాకు మనసొప్పక డాక్టర్‌గారి ద్వారా వాళ్ల అమ్మతో ఫోన్‌లో మాట్లాడాను. "కుక్కర్ విజిల్ వేస్తే చాలు సార్, ఒళ్లంతా ఉలిక్కిపడతాడు, అంతకుముందు కూర్చునేవాడు, ఇప్పుడు కూర్చోవట్లేదు" అంది. ఆ రెండూ కోడ్‌లుగా చేర్చి మళ్లీ రన్ చేస్తే హెక్స్-ఏ మొదటి స్థానానికి వచ్చింది. కంటి డాక్టర్ చూస్తే రెటీనాలో ఎర్రటి చుక్క, తర్వాత ఎంజైమ్ పరీక్షలోనూ టే-శాక్స్ (హెక్స్-ఏ పాడైతే వచ్చే, మెదడునీ నరాలనీ దెబ్బతీసే జబ్బు) అనే తేలింది. అప్పటినుంచి ఫారంతో పాటు ఒక తెల్ల కాగితం పంపుతున్నాం, ఇంట్లోవాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాయమని.

ఇంకొకటి, మనవాళ్ల డేటా. ఏ వేరియంట్ ఎంతమందిలో ఉందో చెప్పే నోమ్యాడ్ లాంటి డేటాబేసుల్లో దక్షిణాసియా వాళ్లు తక్కువ, మన ఒక్కో కులంలో తరతరాలుగా లోపలే పెళ్లిళ్లు, కాబట్టి అక్కడ అరుదుగా కనిపించేది ఇక్కడ మామూలుదే కావచ్చు. ఎగ్జోమైజర్‌కి సొంత ఫ్రీక్వెన్సీ ఫైల్ ఇచ్చుకునే వీలుంది. మా ల్యాబ్ శాంపిళ్లతో చేసి పెట్టాక ఉత్తుత్తి క్యాండిడేట్లు బాగా తగ్గాయి. ఎవరు మొదలుపెట్టినా ముందు ఈ పని చేసుకోండి.

ఇబ్బందులు లేకపోలేదు. కమాండ్ లైన్ రాని వాళ్లకి మొదటి వారం కష్టం, డేటా డౌన్‌లోడే పదుల జీబీలు. పోల్చి చూసే రిఫరెన్స్ జీనోమ్‌కి 19, 38 అని రెండు వెర్షన్లు వాడుకలో ఉన్నాయి, 19 అని రాసి 38 ఫైల్ ఇస్తే జవాబు చెత్తగా వస్తుంది, నాకు ఒక పూటంతా పోయింది. వీసీఎఫ్‌లో లేనిదాన్ని అది ఎలాగూ చూపలేదు, రిపీట్ పెరుగుదల జబ్బుల్లాంటివి (డీఎన్ఏలో ఒక చిన్న ముక్క మళ్లీ మళ్లీ రిపీటై పెరిగిపోవడం వల్ల వచ్చేవి) అనుమానముంటే వేరే పరీక్ష చేయాల్సిందే.

జవాబు దొరకని పాత కేసుల్ని కొత్త డేటా వచ్చినప్పుడల్లా మళ్లీ నడుపుతాను. ఈ వారం వరసలో పన్నెండు ఉన్నాయి.