హైదరాబాద్ నుంచి కన్యాకుమారి: ఏడిపించిన సీటు, గట్టెక్కించిన సీటు

బైకు సీటును బొటనవేలితో నొక్కి "చూడండి సార్, ఎంత మెత్తగా ఉందో" అనే షాపువాళ్ళను నమ్మకండి. మెత్తటి సీటు షాపులో పది నిమిషాలు సుఖంగానే ఉంటుంది. జడ్చర్ల దాటేసరికి అడుగున ఉన్న ప్లాస్టిక్ తగలడం మొదలవుతుంది. హైదరాబాద్‌లో 6,200 రూపాయలు తీసుకుని మాకు అలాంటి సీటే అంటగట్టారు. దాని మీద మా ఆవిడను కూర్చోబెట్టుకుని కన్యాకుమారి బయల్దేరాను. దీన్ని మోసం అని ఊరికే అనట్లేదు. ఆ సీటు విప్పి చూసినప్పుడు లోపల ఏముందో కళ్ళారా చూశాను కాబట్టి అంటున్నాను.

మాది రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బైకు. కంపెనీ సీటు ఊళ్ళో తిరగడానికి బాగానే ఉంటుంది. రెండొందల కిలోమీటర్లు దాటితే నాకు తొడల లోపలి వైపు, తోకఎముక దగ్గర నొప్పి వస్తుంది. ముందు సీటు, వెనక సీటు విడివిడిగా ఉంటాయి. వెనకది చిన్నది. అసలు కష్టం వెనక కూర్చున్న వాళ్ళదే. నడిపేవాడికి కనీసం హ్యాండిల్ ఉంటుంది, ఫుట్‌రెస్ట్ మీద నిలబడి నడుం సర్దుకోవచ్చు.

షాపులో చెప్పిన లెక్క ఇది. కంపెనీ ఫోమ్ కదపరు. దాని మీద మెమరీ ఫోమ్ (ఒంటి ఆకారానికి ఒదిగే మెత్తటి ఫోమ్) పొర, ఆపైన ఇంపోర్టెడ్ జెల్ (జెల్లీలాంటి మెత్త), ఆపైన డైమండ్ కుట్లతో రెగ్జిన్. ముందు సీటుకు 3,900, వెనక సీటుకు 2,300. పని మన ముందు చేయరు, సాయంత్రం రమ్మంటారు. వెళ్ళేసరికి ఎర్ర దారం కుట్లతో నిజంగా చాలా అందంగా ఉంది. బిల్లు అడిగితే ఒక చిన్న చీటీ మీద మొత్తం మాత్రం రాసిచ్చారు.

శివరాత్రి వెళ్ళాక బయల్దేరాం. చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందంటారు, అలాగే వెళ్ళిపోయి ఎండ దిగింది. రోడ్డు గురించి చెప్పడానికేమీ లేదు. 44వ నంబరు హైవే బాగుంది, బైకులకు టోల్ లేదు. బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన దాటి టీ తాగడానికి ఆగాం. తాగి వచ్చేసరికి సీటు కాలుతోంది. జెల్‌తో వచ్చే చిక్కే ఇది. ఎండలో పెడితే వేడిని పట్టుకుంటుంది, చాలాసేపటి దాకా వదలదు. సీసాలో నీళ్ళు పోసి చల్లార్చాం. ఆ నీళ్ళు కాస్తా డైమండ్ కుట్ల సూది రంధ్రాల్లోంచి లోపలికి దిగి, కర్నూలు దాకా ప్యాంటు తడిగానే ఉంది.

మా ఆవిడకు బండి మీద తిరగడం ఇష్టం. మొదట్లో "ఏమండీ, ఒక్క ఐదు నిమిషాలు ఆపండి" అని భుజం తట్టేది. డోన్ దాటాక తట్టడం కూడా మానేసింది. గుత్తి కోట కనిపిస్తే చూపించాను. "చూశాను" అంది, అంతే. వెనక సీటును ముందుకు వాలుగా చేశారు. బ్రేకు వేసినప్పుడల్లా తను నా మీదకు జారుతోంది. నేను ట్యాంకు మీదకు జారుతున్నాను. తను మళ్ళీ వెనక్కి జరగాలంటే రెండు చేతులతో వెనక కడ్డీ పట్టుకుని లేవాలి. గుత్తిలో ఆగినప్పుడు తన అరచేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. షాపుకు ఫోన్ చేశాను. "రెండు వేల కిలోమీటర్లు తిరిగితే సెట్ అయిపోద్ది సార్" అన్నారు. రెగ్జిన్ కాస్త సాగుతుంది, నిజమే. ఫోమ్ మాత్రం సెట్ కాదు, కుంగుతుంది. కుంగిన ఫోమ్ మళ్ళీ లేవదు.

ఆ రాత్రికి బెంగళూరు చేరాలని అనుకున్నాం. అనంతపురం రాగానే తను దిగి, "ఈ సీటు మీద నేను రాను. బస్సెక్కి వస్తాను, మీరు బండి మీద రండి" అంది. కోపంగా కాదు, మామూలుగానే అంది. అందుకే ఇంకేం మాట్లాడకుండా లాడ్జి వెతికాను.

లాడ్జి గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఏసీ గది 1,400 అన్నారు. డబ్బు కట్టి పైకెళ్తే ఏసీ వేసిన పావుగంటకే కరెంటు ట్రిప్ అయింది. కిందికి వెళ్ళి చెప్తే, ఏసీ వేసుకుంటే గీజర్ వేయకూడదట. మరి ఆ సంగతి డబ్బు తీసుకునేటప్పుడే చెప్పాలి కదా. బండి రోడ్డు మీదే పెట్టుకోమన్నారు, లోపల పెట్టాలంటే వాచ్‌మన్‌కు వంద ఇవ్వాలి. బస్టాండుకు దగ్గరని తీసుకున్నాం. అనంతపురంలో ఆగేవాళ్ళు ఊళ్ళోకి రాకుండా హైవే పక్కన చూసుకుంటే బండికైనా చోటు దొరుకుతుంది.

తెల్లారి ఉగ్గాని బజ్జి తినడానికి వెళ్ళాం. ప్లేటు 40 రూపాయలు. నానిన బొరుగుల్లో పుట్నాల పొడి బాగా పట్టింది, బజ్జీలు వాయి మీద వాయి వేడివేడిగా వస్తున్నాయి. మా ఆవిడ ముందురోజు మధ్యాహ్నం తర్వాత నవ్వింది అక్కడే. నిలబడి తింటోంది, కూర్చోలేక. అది చూసి హోటలాయన సంగతి అడిగాడు. ఆటోలకు, ట్రాక్టర్లకు, బుల్లెట్లకు సీట్లు కుట్టే పెద్దాయన ఒకరు రెండు సందుల అవతల ఉన్నారని చెప్పాడు.

బోర్డు కూడా లేని చిన్న షెడ్డు అది. గోడకు పాత సీట్లలోంచి తీసిన కంపెనీ ఫోములు వరసగా వేలాడుతున్నాయి. పెద్దాయన సీటు తిరగేసి, స్క్రూడ్రైవర్‌తో పిన్నులు ఒక్కొక్కటే లేపి, రెగ్జిన్ ఒలిచాడు. కంపెనీ ఫోమ్ లేదు. పరుపుల పనిలో మిగిలే తెల్ల స్పాంజి ముక్కలు గమ్ముతో అతికించి ఉన్నాయి. మెమరీ ఫోమ్ జాడే లేదు. జెల్ అనేది చేతిరుమాలంత ముక్క, మందం పావు అంగుళం కూడా ఉండదు. స్పాంజి పిండితే నీళ్ళు కారాయి.

"ఎవురు సార్ చేసింది ఇది? కంపెనీ ఫోమ్ యాడుంది?" అని అడిగాడు. ఉంచుతామని చెప్పి కోసేశారని చెప్పాను. "కంపెనీ ఫోమ్ అచ్చులో పోసింది సార్, గట్టిది. దాన్ని తీసేసినాక పైన ఏమేసినా నిలబడదు" అన్నాడు.

ఆ తర్వాత ఆయన పని చేసిన తీరు వివరంగా రాస్తాను. సీటు చేయించుకునేవాళ్ళు షాపులో ఇవే అడగాలి. ముందు బండికి సెంటర్ స్టాండ్ వేయించాడు. దారిలో వేసుకునే ప్యాంటుతోనే కూర్చోమన్నాడు. కాళ్ళు నేల మీద పెట్టబోతే ఆపి, "ఫుట్‌రెస్ట్ మీద పెట్టండి సార్, హ్యాండిల్ పట్టుకోండి, పోయేటప్పుడు ఎట్లుంటారో అట్ల" అన్నాడు. తొడల పక్కన సుద్దముక్కతో గీత గీశాడు. తర్వాత కింద పలచటి అట్టముక్క వేసి కాసేపు కదలకుండా కూర్చోబెట్టాడు. లేచాక అట్ట మీద రెండు గుంటలు కనిపించాయి. మన బరువంతా ఆనేది ఆ రెండు ఎముకల మీదే. సీటు వెనక భాగం ఆ రెండూ పట్టేంత వెడల్పు ఉండాలి, ముందు భాగం సన్నగా ఉండాలి. ముందు వెడల్పయితే తొడలు ఒరుసుకుంటాయి, సిగ్నల్ దగ్గర కాలు నేలకు అందదు. క్లాసిక్ సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు. మెత్తదనం కోసమని అంగుళం పెంచితే, నాలాంటి 5 అడుగుల 6 అంగుళాల వాడికి, వెనక మనిషి కూడా ఉన్నప్పుడు, టెన్షనే.

గోడ మీది కంపెనీ ఫోమ్ ఒకటి తీసి, పొడవాటి కత్తితో కోసి, గ్రైండర్‌కు గరుకు కాగితం బిళ్ళ తగిలించి నున్నగా అరగదీశాడు. ఒకసారి అరగదీయడం, అరచేత్తో తడమడం, నన్ను కూర్చోబెట్టడం. ముందుకు జారే వాలు తీసేసి దాదాపు చదును చేశాడు. తోకఎముక వచ్చే చోట రెండు వేళ్ళ వెడల్పున కాలువలా తవ్వాడు, అక్కడ ఏమీ తగలకుండా. పైన అర అంగుళం మెత్తటి పొర మాత్రమే. జెల్ వేయనన్నాడు. మెమరీ ఫోమ్ గురించి అడిగితే, చలికి గట్టిపడుతుంది, మన ఎండకు మరీ మెత్తబడిపోతుంది, కుర్చీకైతే సరే అన్నాడు.

మా ఆవిడ సీటుకు ఇంకా ఎక్కువసేపు తీసుకున్నాడు. "అమ్మా, నీకు యాడ నొప్పో నువ్వే చెప్పల్ల, సార్ కాదు" అన్నాడు. "ముందుకు జారుతున్నానన్నా, అదే బాధ" అంది తను. ముందు అంచు కాస్త పైకి లేపాడు, వెనక అంచు కూడా లేపి నడుముకు ఆనేలా చేశాడు, రెండు పక్కలా వెడల్పు పెంచాడు. రెగ్జిన్ నల్లది, జారనిది, కూర్చునే చోట ఒక్క కుట్టు కూడా లేకుండా. కుట్లన్నీ పక్కలకే. రెగ్జిన్ కింద పలచటి ప్లాస్టిక్ షీటు, వాన నీళ్ళు ఫోమ్‌లోకి పోకుండా.

ఫోమ్‌కు 700, ముందు సీటు పనికి 1,400, వెనకదానికి 1,100, రెగ్జిన్ 500. మొత్తం 3,700. డబ్బు తీయబోతే, "గుత్తి దాకా పోయి రాండి, బాగుంటేనే ఇయ్యండి" అన్నాడు. వెళ్ళి వచ్చాం. నాకు ఎడమ తొడ దగ్గర కొంచెం ఒత్తుతోందంటే, మళ్ళీ పిన్నులు లేపి, అరగదీసి, తిరిగి బిగించాడు. దానికి అదనంగా రూపాయి అడగలేదు.

బాగేపల్లి దాటాక పెట్రోల్ పోయించుకోండి, కర్ణాటకలో ఆంధ్ర కంటే చవక. బెంగళూరులో మా బావమరిది తన హిమాలయన్ బైకుతో కలిశాడు. అతను 2,100 పెట్టి గాలి నింపుకునే సీటు కవరు కొన్నాడు. గట్టిగా గాలి కొట్టుకుని బయల్దేరాడు. తొప్పూరు ఘాట్ వంపుల్లో ఆగిపోయి, "బావా, బండి నా కింద పడవలా ఊగుతోంది" అన్నాడు. సగం గాలి తీసేస్తే కుదిరింది. గాలి కవరుకు సూత్రం అదే: కూర్చున్నాక ఎముక అడుగుకు తగలకుండా ఉంటే చాలు, ఉబ్బి ఉండకూడదు. వేడి పట్టదు, బండి మారినా తీసుకెళ్ళొచ్చు. కానీ సీటు ఆకారమే తప్పుగా ఉంటే అది ఏమీ చేయలేదు. పైగా ఎక్కి దిగేటప్పుడు పక్కకు జరుగుతుంటుంది, పట్టీలు బిగించుకుంటూ ఉండాలి.

సేలం, కరూర్, మదురై బాగా గడిచాయి. మదురైలో జిగర్తండా అనే చల్లటి పాల పానీయం తప్పకుండా తాగండి. తిరునెల్వేలి దాటాక ముప్పందల్ దగ్గర గాలిమరల మధ్య పక్కగాలి బండిని తోసేస్తుంది. అక్కడ వెనక మనిషి స్థిరంగా కూర్చోవడం ఎంత ముఖ్యమో అర్థమైంది. తను ఇటూ అటూ జరిగితే బండి కూడా జరుగుతుంది. ఆ గాలిలో తను జరగలేదు. కన్యాకుమారిలో వివేకానంద రాక్ నుంచి 133 అడుగుల తిరువళ్ళువర్ విగ్రహం దాకా ఇప్పుడు గాజు వంతెన ఉంది, 2024 డిసెంబర్ చివర్లో తెరిచారు. మా ఆవిడ దాని మీద హాయిగా అటూ ఇటూ నడిచింది. హైదరాబాద్ సీటు మీదే వచ్చి ఉంటే లాడ్జి గదిలో బోర్లా పడుకుని ఉండేది.

కొత్త సీటు నొప్పిని పూర్తిగా తీసేసిందని చెప్పను. మూడొందల కిలోమీటర్లు దాటితే ఎవరికైనా నడుం పట్టేస్తుంది. గంటన్నరకోసారి దిగి నడవాలి, జీన్స్ వద్దు, దాని మందపాటి కుట్లు సరిగ్గా ఎముకల కిందకే వస్తాయి. కానీ ఇంతకుముందు దిగగానే ఉండే ఆ మంట ఇప్పుడు లేదు. వచ్చేటప్పుడు మదురై నుంచి బెంగళూరు ఒకే రోజులో వచ్చాం, భుజం తట్టింది టీ కోసమే.

ఇంటికొచ్చాక హైదరాబాద్ షాపుకు ఆ స్పాంజి ముక్కలు, జెల్ ముక్క సంచిలో వేసుకుని వెళ్ళాను. మా సీటే కాదన్నారు. చీటీ చూపిస్తే, దాని మీద సీటు అని కూడా రాసి లేదుగా అన్నారు. చివరికి ఈసారి ఏదైనా పని చేయించుకుంటే 500 తగ్గిస్తామన్నారు. వద్దని చెప్పి వచ్చేశాను. మీరు ఎక్కడ చేయించుకున్నా, ఏ ఫోమ్, ఎంత మందం, ఏ రెగ్జిన్ అన్నీ బిల్లు మీద రాయించుకోండి. రెగ్జిన్ వేసే ముందు లోపలి ఫోమ్‌ను ఫోన్‌లో ఫొటో తీసుకోండి. మీ కంపెనీ సీటును కోయనివ్వకండి. పాత సీటు ఒకటి కొని దాని మీద పని చేయించుకుంటే, నచ్చకపోయినా అసలుది ఇంట్లో ఉంటుంది. పని మీ కళ్ళముందు చేయనంటే అక్కడి నుంచి వచ్చేయండి.