బండల మీద నడపడానికి సెకండ్ హ్యాండ్ బండి: ఆర్‌ఎక్స్ 100 మేలా, ఎక్స్‌పల్స్ మేలా?

మా మేనల్లుడికి ట్రయల్స్ మీద మనసు పడింది. గుండ్ల మధ్య, బండరాళ్ల మీద, కాలు కింద పెట్టకుండా బండి నడిపే ఆట అది. కాలు ఒకసారి నేలకు తగిలితే ఒక పాయింటు పెనాల్టీ, పడినా ఆగినా ఐదు. వేగంతో పని లేదు. దామలచెరువు దగ్గర మా మామిడితోట చివర పెద్ద బండ ఉంది, వాడి సాధన అక్కడే. శేషాచలం లోపలికి మాత్రం బండి తిప్పనని ముందే మాట తీసుకున్నాను. అది రిజర్వు అడవి, అందులో నేషనల్ పార్కు కూడా ఉంది.

ఈ ఆటకని తయారయ్యే అసలు బండ్లకు సీటు ఉండదు, బరువు డెబ్బై కిలోల చిల్లర. ఎక్కువగా స్పెయిన్, ఇటలీల్లో చేస్తారు. మన పక్క అవి దొరకడం కష్టం. తిరుపతిలో ఎవరిని అడిగినా చెప్పే పేర్లు రెండే: పాత యమహా ఆర్‌ఎక్స్ 100, లేకపోతే హీరో ఎక్స్‌పల్స్ 200. రెండూ చూసొద్దాం పద అని ఒక ఆదివారం వాణ్ని వెంటబెట్టుకుని బయల్దేరాను.

చూడబోయే ముందు వాడికి ఒక మాట చెప్పాను. సెకండ్ హ్యాండ్ బండి అనగానే మనందరం అడిగే మొదటి ప్రశ్న, ఎంత తిరిగింది అని. బండల మీద నడిచిన బండికి ఆ లెక్క పనికిరాదు. ఫస్ట్ గేరు, సగం పట్టిన క్లచ్, గంటకు ఐదారు కిలోమీటర్లు. మీటరు కదిలీ కదలనట్టు ఉంటుంది, ఇంజిన్ మాత్రం గంటసేపు గట్టిగా పనిచేస్తుంది. ఎదురుగాలి తగలదు కాబట్టి ఇంజిన్ చుట్టూ వేడి పోగొట్టే రెక్కలు, అంటే ఫిన్నులు, చల్లబడవు, అందులోనూ మన ఊరి మే నెల ఎండ. అందుకే ట్రయల్స్ వాళ్లు ఇంజిన్ వయసును గంటల్లో లెక్కగడతారు.

మొదట శ్రీకాళహస్తిలో ఆర్‌ఎక్స్. 1996లో తయారీ ఆగిపోయిన బండి, కొత్త పెయింటుతో తళతళలాడుతోంది. మంచివాటికి ఇప్పుడు లక్ష దాటించి అడుగుతున్నారు. నాకు ఈ ఇంజినంటే ప్రాణం, దాచుకోను. 98 సీసీ టూ స్ట్రోక్, హెడ్డులో వాల్వులు లేవు, వాటిని నడిపే టైమింగ్ చైన్ లేదు, వాల్వుల సందు సరిచేసే ట్యాపెట్ సెట్టింగ్ అనే మాటే లేదు. ఏ మూల మెకానిక్ అయినా కాసేపట్లో హెడ్డు, బోరు (పిస్టన్ ఆడే సిలిండరు) విప్పేస్తాడు. ఇంకో గొప్ప గుణముంది, దాన్ని చాలామంది గమనించరు. గేరుబాక్సు ఆయిల్ వేరు, పిస్టన్‌కు అంది పెట్రోల్‌తో పాటే కాలిపోయే టూ టీ ఆయిల్ వేరు. బండల మీద క్లచ్ ఎంత అరిగినా ఆ పొడి పిస్టన్ దాకా పోదు. గేరుబాక్సులో పట్టేది లీటరు కూడా కాదు, నెలకోసారి మార్చినా భారం కాదు. బరువు వంద కిలోల చిల్లర. ఎక్స్‌పల్స్ 154 పైనే. ఆ తేడా ఒక పెద్ద బియ్యం మూటంత, బండ మీద అడ్డంగా పడిన బండిని లేపేటప్పుడు అది నడుముకు తెలుస్తుంది.

కానీ ఈ బండి విషయంలో నాకు మనసొప్పలేదు. హెడ్డు విప్పించి చూస్తే పిస్టన్ నెత్తిన 100 అని అచ్చు ఉంది. అంటే 50 మిల్లీమీటర్ల బోరును తొలిచి తొలిచి పూర్తిగా ఒక మిల్లీమీటరు పెంచేశారు. పావు మిల్లీమీటరు చొప్పున నాలుగు సైజులు అయిపోయాయి. ఇక స్లీవు (బోరు లోపల కొత్త గొట్టం) వేయించాలి, లేదా కొత్త బోరు కిట్ కొనాలి. ఒరిజినల్ దొరకడం గగనం, డూప్లికేట్ బోరు తొందరగా అరుగుతుంది.

మేము హెడ్డు విప్పకముందే నాకు అనుమానం తగిలింది. స్టార్ట్ చేసి వదిలేస్తే ఐడిలింగ్ ఒకచోట నిలబడక తనంతట తనే పెరిగిపోతోంది. క్రాంకు సీలు, అంటే ఇంజిన్ ఇరుసుకు రెండు వైపులా ఉండే రబ్బరు రింగు, పోతే ఇలాగే చేస్తుంది. మ్యాగ్నెటో (కరెంటు పుట్టించే చక్రం) వైపు సీలు పోతే బయటి గాలి లాగుతుంది, పెట్రోల్ వంతు తగ్గి ఇంజిన్ కాగిపోతుంది, చివరికి పిస్టన్ పట్టేస్తుంది. క్లచ్ వైపుది పోతే గేరు ఆయిల్ లోపలికి పీల్చుకుని తెల్లపొగ కక్కుతుంది. కింద చుక్క కారదు, లోపల మాత్రం ఆయిల్ తగ్గిపోతూ ఉంటుంది. సీళ్లు చవకే. క్లచ్ వైపు సీలు మార్చాలంటే మాత్రం పని పెద్దది.

ఇంకో భయం ఘాట్ రోడ్డు. మావాడు పీలేరులో పని చేస్తాడు, రోజూ భాకరాపేట ఘాట్ దిగాలి. "ఆయిల్ పంపు ఎప్పుడో తీసేసినాం అన్నా, పెట్రోల్లోనే కలుపుకుంటాం" అన్నాడు అమ్మేవాడు. పెట్రోల్లో కలిపితే ఆయిల్ పెట్రోల్ వెంటే వస్తుంది. యాక్సిలరేటర్ మూసి గేరు మీద దిగుతుంటే ఇంజిన్ గిర్రున తిరుగుతూనే ఉంటుంది, ఆయిల్ అందదు. మలుపు మలుపుకీ క్లచ్ పట్టి ఒకసారి యాక్సిలరేటర్ తిప్పే అలవాటున్న చేతికే ఆ బండి ఇవ్వాలి. ఇరవయ్యేళ్ల కుర్రాడికి ఇవ్వడానికి నాకు ధైర్యం చాలలేదు. లీటరుకు 25 నుంచి 30 మిల్లీలీటర్ల మంచి టూ టీ ఆయిల్, జాసో (జపాన్ వాళ్ల ఆయిల్ ప్రమాణం) ఎఫ్‌సీ గానీ ఎఫ్‌డీ గానీ, కొలిచి కలపాలి. బంకులో అందాజుగా పోయించుకుంటే రేపటి సమస్యను ఈ రోజే కొన్నట్టు.

తర్వాత చిత్తూరులో ఎక్స్‌పల్స్. 2021 బండి, తొమ్మిది వేలు తిరిగింది. మావాడి కళ్లు మెరిశాయి. నేను ఎయిర్ ఫిల్టర్ విప్పమన్నాను. ఫిల్టర్ దాటాక ఇంజిన్ వైపు పోయే రబ్బరు గొట్టంలో వేలు పెట్టి రుద్దాను. వేలికి ఎర్రమన్ను అంటింది, మెత్తగా కుంకుమలాగా.

"సూడు," అని మావాడికి చూపించాను.

"అదేం మామా, దుమ్మేగా?"

"ఫిల్టర్ ఇవతల దుమ్ముంటే ఫిల్టర్ పని చేసినట్టు. అవతల ఉంటే ఇంజిన్ మట్టి తిన్నట్టు."

ఆ మన్ను పిస్టన్ రింగులకూ బోరుకూ ఆకురాయిలాంటిది. ఎత్తు గేరులో యాక్సిలరేటర్ గట్టిగా ఇస్తే నీలంపొగ వచ్చింది, అంటే రింగులే. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఒక్కసారి వచ్చి పోయే పొగయితే వాల్వు సీళ్లు, దానికి అంత భయపడక్కర్లేదు. తొమ్మిది వేలకే ముసలిదైపోయిన ఇంజిన్ అది.

మూడోది తిరుపతిలోనే, రేణిగుంట రోడ్డు పక్క వీధిలో. 2020 బీఎస్-6 బండి, ముప్పై ఎనిమిది వేలు తిరిగింది. మావాడు మీటరు చూసి మొహం ముడుచుకున్నాడు. గొట్టంలో వేలు పెడితే శుభ్రంగా వచ్చింది. పొగ లేదు. టైమింగ్ చైన్ చప్పుడు చల్లటి ఇంజిన్ మీద రెండు క్షణాలు వినిపించి ఆగిపోయింది. యజమాని ఆయిల్ మార్చిన ప్రతిసారీ తేదీ, మీటరు రీడింగు ఒక చిన్న డైరీలో రాసుకున్నాడు. హైవే మీద చల్లగా తిరిగిన ముప్పై ఎనిమిది వేలు, మట్టి తిన్న తొమ్మిది వేల కంటే చాలా చిన్న వయసు. అదే తీసుకున్నాం.

ఆర్‌ఎక్స్ ఎప్పుడు మేలంటే, బండల మీదికే తప్ప రోజువారీ పనికి వద్దనుకునేవాళ్లకు, బోరు ఇంకా రెండు సైజులు మిగిలి ఉన్న బండి దొరికితే. పదిహేనేళ్లు దాటినవి కాబట్టి ఆర్సీ రెన్యువల్ అయ్యిందో లేదో కూడా చూడాలి. ఎక్స్‌పల్స్‌లో రెండు వాల్వులదా, 2021లో వచ్చిన నాలుగు వాల్వులదా అని చాలా చర్చ నడుస్తుంది. ఈ నెమ్మది ఆటకు అది పట్టించుకోవాల్సిన తేడా కాదు.

ఎక్స్‌పల్స్ లాంటి ఫోర్ స్ట్రోక్‌కు ఉన్న బలహీనత మాత్రం మర్చిపోకూడదు. అందులో క్లచ్, గేర్లు, పిస్టన్, వాల్వులను నడిపే క్యామ్ అన్నిటికీ ఒకటే ఆయిల్. బండల మీద క్లచ్ ప్లేట్లు అరిగిన పొడంతా ఆ లీటరు పైచిలుకు ఆయిల్లోనే కలుస్తుంది. అందుకే పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఆగొద్దు. ఇరవై గంటలకోసారి మార్చమని నేను చెప్తాను. జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని డబ్బా మీద ఉండాలి, కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. దించిన ఆయిల్లో అయస్కాంతం తిప్పి చూడాలి. బూడిదరంగు పేస్టు అంటితే మామూలే, గోరుకు తగిలే ముక్కలొస్తే బండి ఆపేయాలి. బండి నెలల తరబడి మూలన పెడితే ట్యాంకులో పాత పెట్రోల్ ఉంచొద్దు. ఇప్పుడు వచ్చే ఇథనాల్ కలిపిన పెట్రోల్ తేమను లాగుతుంది. కార్బురేటర్ బండయితే దాని గిన్నె కూడా ఖాళీ చేయాలి.

గంటలు లెక్కపెట్టడానికి మీటరు కొనలేదు. తోటలో మోటారు కొట్టం గోడ మీద గంటకో సుద్దగీత గీయమన్నాను. మొన్న పోయి చూస్తే పద్దెనిమిది గీతలున్నాయి, వాటి పక్కన కొత్త ఆయిల్ డబ్బా కూడా పెట్టుకున్నాడు.