గుర్రపు తపాలా మజిలీలు: శాండ్ స్ప్రింగ్స్ చూడాలా, కోల్డ్ స్ప్రింగ్స్ చూడాలా?

అమెరికాలో గుర్రాల మీద ఉత్తరాలు మోసిన పోనీ ఎక్స్‌ప్రెస్ 1860 ఏప్రిల్‌లో మొదలై, టెలిగ్రాఫ్ తీగ రావడంతో 1861 అక్టోబరులో మూతపడింది. మిస్సోరి నుంచి కాలిఫోర్నియాకు సుమారు పది రోజుల్లో ఉత్తరం చేరేది. గుర్రాలు మార్చిన మజిలీల్లో రెండింటి రాతి గోడలు నెవాడాలో, 50వ నంబరు హైవే దగ్గర ఇంకా ఉన్నాయి.

శాండ్ స్ప్రింగ్స్‌కి వెళ్లడం తేలిక. ఫాలన్ ఊరికి తూర్పున, పెద్ద ఇసుక కొండ పక్కనే. కారు దిగి కాస్త నడిస్తే చాలు. ఇసుక కమ్మేయడం వల్లే గోడలు నిలిచాయి. 1970లలో పురావస్తు శాస్త్రవేత్తలు తవ్వితే గదులు బయటపడ్డాయి. 1860లో ఇక్కడ ఆగిన యాత్రికుడు రిచర్డ్ బర్టన్, పైకప్పు కూడా లేని మురికి కొంప అన్నట్టే రాశాడు. ఇప్పుడూ పైకప్పు లేదనుకోండి! ఒక్కటే ఇబ్బంది, ఇసుక కొండ మీద తిరిగే బండ్ల రొద.

కోల్డ్ స్ప్రింగ్స్ ఇంకా తూర్పున ఉంది. హైవే నుంచి రెండు కిలోమీటర్లకు పైగా ఎక్కాలి, నీడ ఉండదు, నీళ్లు మోసుకెళ్లాలి. కానీ గోడలు మందం, తుపాకీ పెట్టే కంతలతో సహా. 1860 మేలో అక్కడి మూలవాసులైన పైయూట్‌లతో జరిగిన యుద్ధంలో ఈ మజిలీ మీద దాడి జరిగింది, మజిలీ చూసుకునే మనిషి చనిపోయాడు, గుర్రాలు పోయాయి. తమ నేల మీదికి వచ్చిపడ్డవాళ్లతో పైయూట్‌లు చేసిన పోరు అది.

పిల్లలతో వెళ్తే శాండ్ స్ప్రింగ్స్. నన్నడిగితే మాత్రం కోల్డ్ స్ప్రింగ్సే, అదీ ఎండ ముదరకముందు పొద్దున్నే.