పూల సెంటు బాగుంది, తెల్లబట్ట మీద మాత్రం వద్దు

ఈ సెంటు మీద నా కోపమంతా ఒక్కటే. ఇది నిలిచేది బట్ట మీద, పాడుచేసేదీ ఆ బట్టనే.

ముందు వాసన సంగతి. ఇందులో ఉండేవి నేలసంపెంగ, మల్లె, అడుగున వెనిలా. కొట్టిన మొదటి రెండు మూడు నిమిషాలు నొప్పుల బామ్ గుర్తొస్తే సీసా చెడిపోయిందనుకోకండి. నేలసంపెంగలో సహజంగానే మిథైల్ సాలిసిలేట్ అనే పదార్థం ఉంటుంది, బామ్‌లో వేసే గంధపూర తైలం ఘాటు కూడా దానిదే. అది ఎగిరిపోయాక మల్లె వస్తుంది. కడియం పూల మార్కెట్లో తూకానికి పోసిన మొగ్గల వాసన కాదు, రాత్రి జడలో విచ్చుకున్న మల్లెది, కాస్త మగ్గిన తియ్యదనంతో. మల్లెకి ఆ బరువు తెచ్చేది ఇండోల్ అనే పదార్థం. అది ఎక్కువైతే కలరా ఉండల కంపు, పూర్తిగా తీసేస్తే సబ్బు వాసన. చవక సెంట్లు చాలావరకు సబ్బుతోనే సరిపెడతాయి. ఇందులో మాత్రం ఎక్కడ ఆపాలో తెలిసి ఆపారు.

ఇంకో మంచి, ఎవరూ చెప్పనిది: తలకి కొబ్బరినూనె రాసుకునేవాళ్లకి ఇది పడుతుంది. చాలా సెంట్లు నూనె వాసనతో కొట్లాడతాయి. నేలసంపెంగ వాసనలోనే కొబ్బరి ఛాయ ఉంటుంది కాబట్టి రెండూ కలిసిపోతాయి. కోనసీమలో ఇది చిన్న లాభం కాదు.

ఒంటి మీద నిలవడం కష్టమే. ఎండాకాలం ఉక్కపోతలో మల్లె గంటలోపే పోతుంది, అడుగున ఉన్న వెనిలా మిగిలి పాకంలా అంటుకుంటుంది. కిటికీ పక్క సీటు దొరకని అమలాపురం బస్సులో అది పక్కవాళ్లకి శిక్ష. అప్పుడు ఒక్క నొక్కు చాలు, అదీ ముఖానికి దూరంగా, మోకాళ్ల వెనక. సంక్రాంతి నెలలో మూడు కొట్టుకున్నా హాయిగానే ఉంటుంది.

ఒంటి మీద నిలవదు కాబట్టే అందరూ బట్ట మీద కొట్టుకుంటారు. అసలు గొడవ ఇక్కడే. బండారులంక నేత చీర, తెల్ల చొక్కా, పంచె, ఏదైనా సరే, కొట్టినప్పుడు ఏమీ కనపడదు. ఆరాకా తెల్లగానే ఉంటుంది. ఉతక్కుండా మడతపెట్టి బీరువాలో పెట్టినా, అలాగే ఇస్త్రీ చేసినా, కొన్నాళ్లకి రూపాయి బిళ్లంత పసుపు మచ్చ తేలుతుంది. గంజి పెట్టిన బట్ట మీద దాని అంచు గీత గీసినట్టు కనిపిస్తుంది. తెల్లపూల సెంట్లలో తరచూ వాడే మిథైల్ ఆంథ్రనిలేట్, హైడ్రాక్సీసిట్రోనెల్లాల్ అనే రెండు వాసన పదార్థాలు కలిస్తే ఆరాంటియోల్ అనే పసుపు పదార్థం తయారవుతుంది. వెనిలాకి వాసననిచ్చే వెనిలిన్ కూడా గాలికీ వెలుతురుకీ గోధుమరంగు తిరుగుతుంది. సీసాలోనే చూడొచ్చు: కొత్తలో లేత పసుపు, సగమయ్యేసరికి తేనెరంగు. వాసన చెడదు, రంగే ముదురుతుంది.

ఆ రోజే పట్టించుకుంటే ఆశ ఉంది. కొట్టిన చోట కింద పాతగుడ్డ పెట్టి, బట్ట వెనకవైపు నుంచి సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన దూదితో అద్దాలి. రుద్దితే మరింత పాకుతుంది. తర్వాత చల్లనీళ్లు, సబ్బు. రంగు అంచు ఉన్న చీరైతే ముందు కుచ్చిళ్ల లోపలి మూలన స్పిరిట్ అద్ది రంగు దిగుతుందేమో చూడండి. పసుపు తేలాక స్పిరిట్‌తో పోదు, బ్లీచింగ్ పెడితే అంచు రంగు పోతుంది.

బట్ట మీదే కావాలంటే ముదురురంగు లంగాకో చేతిరుమాలుకో మూరెడు దూరం నుంచి కొట్టండి. దగ్గరగా కొడితే చుక్క పడుతుంది, దూరం నుంచైతే జల్లు పడుతుంది. కొత్త సీసా తెచ్చాక పాత పంచె ముక్క మీద ఒక నొక్కు కొట్టి వారం ఎండలో ఉంచితే దాని గుణం తెలిసిపోతుంది.

రెండోరోజుకీ బట్టలో వాసన ఉంటుందన్న మాట నిజమే. ఉండేది వెనిలా, మల్లె కాదు.

ఏసీ గదిలో పనిచేస్తూ రంగు బట్టలు కట్టేవాళ్లకి ఈ ధరలో ఇంత నిజమైన మల్లె నాకింకోటి కనపడలేదు. నేను కట్టేవి నేతబట్టలు, అందులో సగం తెల్లవి, కాబట్టి మళ్లీ కొంటే చిన్న సీసానే, అదీ చలికాలానికి. ఆదివారం తెల్లచీరలో చర్చికి వెళ్లేవాళ్లు, తెల్ల యూనిఫాం వేసుకునే నర్సులు ఒంటికే కొట్టుకుని, తడి పూర్తిగా ఆరాకే బట్ట వేసుకోవాలి.