తెర ఒక్కటైంది, పేర్లు ఒక్కటి కావడానికి ఏడాదిన్నర పట్టింది

మా రైల్వే ఐటీ విభాగంలో మూడేళ్ల కిందటి ఒక రాత్రి షిఫ్టు నాకింకా గుర్తుంది. కంట్రోల్ రూమ్ నుంచి ఫోన్ వచ్చింది. "వెళ్లిపోయిన రైలు బోర్డు మీద ఇంకా రెండు నిమిషాల్లో వస్తుందనే ఉందండీ. ప్రయాణికులు స్టేషన్ సిబ్బంది మీద పడుతున్నారు." నా ముందు తొమ్మిది మానిటరింగ్ టూల్స్ ఉన్నాయి. తొమ్మిదీ పచ్చగానే ఉన్నాయి. సీపీయూ మామూలుగానే ఉందని సర్వర్ల వాళ్లన్నారు. లింకులన్నీ బాగున్నాయని నెట్‌వర్క్ వాళ్లన్నారు. బోర్డుల సాఫ్ట్‌వేర్ చూసే కంపెనీ మనిషి తన వైపు ఏ లోపమూ లేదన్నాడు. వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. రైళ్ల కదలికల సందేశాలను క్యూలోంచి తీసుకుని బోర్డులకు పంపే ప్రోగ్రామ్ ఒకటి చావకుండా, పనిచేయకుండా బిగుసుకుపోయింది. బోర్డేమో చివరిసారి అందిన సమాచారాన్నే చూపిస్తూ కూర్చుంది. పింగ్ చేస్తే, అంటే ఉన్నావా అని నెట్‌వర్క్ మీద అడిగితే, పలుకుతోంది కూడా. దాన్ని కనిపెట్టేసరికి నలభై నిమిషాలైంది. అందులో సగం కాన్ఫరెన్స్ కాల్‌లో "మా వైపు కాదు" అనుకోవడానికే పోయింది.

ఇలాంటివి మరికొన్ని జరిగాక, అన్నీ కలిపి ఒకే అబ్జర్వబిలిటీ ప్లాట్‌ఫామ్‌కి మారాలని పైవాళ్లు నిర్ణయించారు. దాన్ని వాడటం మొదలుపెట్టి ఇప్పటికి రెండున్నరేళ్లు. అది ఏ కంపెనీదో చెప్పను. నేను చెప్పబోయే మంచీ చెడూ చాలావరకు ఈ తరహా సరుకంతటికీ వర్తిస్తాయి. అన్నట్టు, రైల్వేలో ఈ 'ప్లాట్‌ఫామ్' అనే మాటతో ఒక తంటా ఉంది. మొదటి వారంలో ఎవరో గ్రూపులో "ప్లాట్‌ఫామ్ రాత్రి రెండింటిదాకా డౌన్" అని పెడితే, ఎన్నో నంబరు ప్లాట్‌ఫామ్ అని ఒక స్టేషన్ మేనేజర్ కంగారుగా ఫోన్ చేశారు. అప్పటి నుంచి మాలో మేం దాన్ని 'కొత్తది' అంటున్నాం. రెండున్నరేళ్లయినా అది కొత్తదే.

అబ్జర్వబిలిటీ అన్న మాట ఐటీ వాళ్లు పుట్టించింది కాదు. 1960 ప్రాంతంలో రుడాల్ఫ్ కాల్మాన్ కంట్రోల్ సిద్ధాంతంలో వాడిన మాట అది. బయటికి కనిపించే వాటిని బట్టి లోపలి స్థితిని చెప్పగలగడం అని అర్థం. మా తొమ్మిది టూల్స్‌తో అదే కుదరలేదు. ఒక్కొక్కటీ ఒక్కో పెట్టె బాగుందో లేదో చెప్పేది. టికెట్ కొన్న మనిషికి గేటు తెరుచుకుందా లేదా అన్నది మాత్రం ఏదీ చెప్పలేదు.

కొత్తది చేసే పని మాటల్లో చెప్పాలంటే తేలికే. కొలతలు, లాగ్‌లు (ప్రోగ్రామ్‌లు తాము చేసింది రాసిపెట్టే వరుసలు), ట్రేస్‌లు (ఒక్కో అభ్యర్థన నడిచిన దారి) మూడూ ఒకేచోట పడతాయి, ఒకే గడియారం మీద కనిపిస్తాయి. ఓపెన్‌టెలిమెట్రీ కలెక్టర్లను, అంటే డేటాను పోగుచేసి ముందుకు పంపే ప్రోగ్రామ్‌లను, స్టేషన్ల వారీగా పెట్టి వాటి ద్వారా అన్నీ పంపించాం. ఓపెన్‌ట్రేసింగ్, ఓపెన్‌సెన్సస్ అనే రెండు ప్రాజెక్టులు 2019లో కలిసి ఏర్పడిందే ఈ ఓపెన్‌టెలిమెట్రీ. ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాకపోవడమే దాని సుఖం. కంపెనీ సొంత ఏజెంట్ (యంత్రంలో కూర్చుని డేటా పంపే ప్రోగ్రామ్) వాడితే ఇన్‌స్టాల్ చేయడం ఇంకా సులువని సేల్స్ మనిషి పదేపదే చెప్పాడు. మా ఆర్కిటెక్ట్ ఒప్పుకోలేదు. ఆవిడ పట్టుదలకు ఇప్పుడు దండం పెడుతున్నాను. ఎందుకో చివర్లో చెబుతా.

ఇన్‌స్టాల్ చేయడానికి నాలుగు నెలలు చాలాయి. మిగతా కాలమంతా పేర్లు తినేసింది. ఎవరైనా ఇలా మారాలనుకుంటే ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే.

మా దగ్గర ఒకే స్టేషన్‌కి నాలుగు పేర్లున్నాయి. టికెట్ల వ్యవస్థలో ఒక నంబరు, ప్రయాణికుల సమాచార వ్యవస్థలో అక్షరాల కోడ్, ఆస్తుల రిజిస్టర్‌లో ఇంకో నంబరు. నెట్‌వర్క్ స్విచ్‌ల హోస్ట్‌నేమ్‌లలో ఎప్పుడో మార్చేసిన పాత స్టేషన్ పేరు. గేట్ల సంగతి ఇంకా ఘోరం. స్టేషన్ సిబ్బంది 'తూర్పు వైపు మూడోది' అనేదాన్ని సిస్టమ్ 17 అంటుంది. మధ్యలో ఎప్పుడో కొన్ని గేట్లు పీకేసి, ఉన్నవాటి నంబర్లు మార్చకుండా వదిలేశారు మరి. ఈ నాలుగు పేర్లూ ఒకే వస్తువువని మాకు తెలుసు, కొత్తదానికి తెలియదు. డేటా అంతా ఒకేచోట పడింది గానీ ఒకదానితో ఒకటి కలవలేదు. తొమ్మిది చోట్ల ఉన్న చిందరవందరను తెచ్చి ఒకేచోట కుప్పపోసినట్టయింది. మొదటి ఆరు నెలలు నిజంగా పాతదే నయమనిపించింది.

చివరికి ఒకావిడ, ఐటీ మనిషి కాదు, ఆస్తుల విభాగంలో పనిచేసే ఆవిడ, స్టేషన్ స్టేషన్‌కీ వెళ్లి గేటు గేటుకీ స్టిక్కర్ అంటించి ఒక పట్టిక తయారు చేశారు. ఆ పట్టికను కలెక్టర్‌లో పెట్టాం. ఇప్పుడు వచ్చే ప్రతి కొలతకీ, ప్రతి లాగ్ వరుసకీ స్టేషన్, పరికరం రకం, పరికరం నంబరు ఒకే తీరులో అంటుకుంటాయి. ఆ రోజు నుంచే కొత్తదానికి రైల్వే అర్థం కావడం మొదలైంది. ప్రాజెక్టు మెచ్చుకోలు సభలో ఆవిడ పేరు ఎవరూ ఎత్తలేదు.

ఇక దాని వల్ల కలిగిన మేలు. కార్డు ఆనించి గేటు దాటే ప్రయాణికుల్లో కొందరికి గేటు ఆలస్యంగా తెరుచుకుంటోందని చాలాకాలంగా ఫిర్యాదులుండేవి. సగటు చూస్తే ఏమీ తెలిసేది కాదు. ట్రేస్‌లు వచ్చాక ఒక్కో అభ్యర్థన గేటు నుంచి స్టేషన్ కంప్యూటర్‌కి, అక్కణ్ణుంచి కేంద్ర సర్వర్‌కి, అక్కణ్ణుంచి చెల్లింపుల గేట్‌వేకి ఎలా వెళ్లిందో వరుసగా పట్టీల్లా కనిపించింది. ఆలస్యమైనవన్నీ ఐదు సెకన్లకు కాస్త పైన తేలుతున్నాయి. మూడూ కాదు, ఏడూ కాదు, ఎప్పుడూ ఆ ఐదే. అది చూడగానే మా నెట్‌వర్క్ సీనియర్ "డీఎన్ఎస్" అన్నాడు. సర్వర్ పేరు చెబితే దాని చిరునామా ఇచ్చే వ్యవస్థ అది. లినక్స్‌లో పేరు అడిగితే జవాబు రానప్పుడు తర్వాతి డీఎన్ఎస్ సర్వర్‌ని అడిగే ముందు మామూలుగా ఐదు సెకన్లు ఆగుతుంది. ఎప్పుడో తీసేసిన ఒక డీఎన్ఎస్ సర్వర్ చిరునామా కొన్ని స్టేషన్ కంప్యూటర్లలో మొదటి వరుసలోనే మిగిలిపోయింది. పాత కనెక్షన్ మీద వెళ్లే అభ్యర్థనలకు పేరు అడిగే పని లేదు కాబట్టి అవి వెంటనే పోయేవి. కొత్త కనెక్షన్ తెరిచినవాళ్లకే ఈ శిక్ష. రెండేళ్ల ఫిర్యాదుకి ఒక్క వరుస మారిస్తే సరిపోయింది. ఆ కాల్‌లో "మా వైపు కాదు" అన్న మాట ఒక్కసారి కూడా వినపడలేదు, పట్టీ ఎవరి వైపు పొడుగ్గా ఉందో అందరికీ కనిపిస్తోంది మరి. ఈ సాధనం మొత్తంలో నాకు ఎక్కువ నచ్చింది ఇదే.

రెండోది, బోర్డుల తాజాదనం. సర్వర్ బతికుందా అని అడగడం మానేసి, బోర్డు మీదున్న సమాచారం ఎన్ని సెకన్ల పాతది అని కొలవడం మొదలుపెట్టాం. ఆ మొదటి రాత్రి లాంటిది తర్వాత రెండుసార్లు జరిగింది. రెండుసార్లూ కంట్రోల్ రూమ్ ఫోన్ చేసేలోపే మాకు తెలిసిపోయింది. నిజానికి ఈ కొలతకి పెద్ద ప్లాట్‌ఫామేమీ అక్కర్లేదు, పాత టూల్‌తోనూ చేయొచ్చు. మాకు అప్పుడు తట్టలేదు, అంతే.

రైళ్లలో ఉన్న పరికరాలతో మాత్రం చాలా అవస్థ పడ్డాం. ఈ ప్లాట్‌ఫామ్‌లు డేటా సెంటర్‌లో కదలకుండా కూర్చునే సర్వర్ల కోసం తయారైనవి. రైలు సొరంగంలోకి వెళ్తే డేటా ఆగుతుంది, వెంటనే ఎరుపు. రాత్రి డిపోలో రైలు ఆపి కరెంటు తీస్తే మళ్లీ ఎరుపు. మొదటి రాత్రి నా ఫోన్ ఎన్నిసార్లు మోగిందో లెక్కపెట్టడం మానేశాను. చివరికి టైమ్‌టేబుల్‌నే దానికి తినిపించాల్సి వచ్చింది. ఆ రైలు ఇప్పుడు సర్వీసులో ఉంటేనే మౌనాన్ని లోపంగా చూడమని చెప్పాం. సొరంగంలో దాచిపెట్టుకున్న డేటా బయటికొచ్చాక ఆలస్యంగా పంపిస్తే, పాత సమయం ఉందని కొన్ని కొలతలను మొదట్లో పారేసేది. అది సర్దడానికి సపోర్ట్‌తో మూడు నెలల ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచాయి.

అర్ధరాత్రి సమస్య ఇంకోటి. రైల్వే రోజు పన్నెండింటికి ముగియదు, చివరి రైలుతో ముగుస్తుంది. అందుకే జీటీఎఫ్ఎస్ (రవాణా టైమ్‌టేబుళ్లు పంచుకునే ప్రామాణిక రూపం) ఫైళ్లలో 25:10:00, అంటే మర్నాటి 1:10, లాంటి సమయాలు కూడా ఉంటాయి. కొత్తదానికి 'ఈ రోజు' అంటే సున్నా గంటల నుంచే. రాత్రి 12:40 రైలు ఆలస్యం మర్నాటి లెక్కలో పడి, రెండు రోజుల నివేదికలూ తప్పయ్యేవి. సర్వీసు రోజు అని వేరే ట్యాగ్ పెట్టుకుని గట్టెక్కాం. డాష్‌బోర్డులో పైనుండే 'టుడే' బటన్ మాత్రం నేటికీ తప్పే చూపిస్తుంది. కొత్తవాళ్లకి మొదటి రోజే చెబుతాం, దాన్ని ముట్టుకోవద్దని.

బిల్లు గురించి చెప్పకపోతే ఈ సమీక్షకు అర్థం లేదు. వచ్చే డేటాని బట్టి డబ్బు. ఒక డెవలపర్ ఉత్సాహంగా టికెట్ నంబరుని ఒక కొలతకి లేబుల్‌గా పెట్టాడు. ప్రతి కొత్త లేబుల్ విలువకీ ఒక కొత్త శ్రేణి, అంటే విడిగా దాచాల్సిన కొలతల వరుస, పుడుతుంది. అంటే అమ్మిన ప్రతి టికెట్‌కీ ఒకటి. నెలాఖరున ఫైనాన్స్ నుంచి వచ్చిన ఫోన్ మా అలర్ట్ కన్నా ముందొచ్చింది. ఇప్పుడు అలాంటి లేబుళ్లను కలెక్టర్ దగ్గరే కత్తిరిస్తున్నాం. ట్రేస్‌లు కూడా అన్నీ ఉంచం. తప్పులున్నవీ ఆలస్యమైనవీ మొత్తం ఉంచి, మామూలువాటిలో కొద్ది భాగమే దాస్తాం. ఒకసారి లాగ్‌లు తిరగేస్తుంటే ఒక పాత ప్రోగ్రామ్ కార్డు నంబర్లను పూర్తిగా రాసిపెట్టడం కనబడి గుండె జారింది. ఇన్నాళ్లూ అది ఒక్క స్టేషన్ డిస్కులో ఉండేది. కొత్తది వచ్చాక వందల మంది వెతకగలిగే చోటికి చేరింది. ఆ రోజే మాస్కింగ్ (నంబర్లను కప్పేసే ఏర్పాటు) పెట్టాం. మారబోయేవాళ్లు ఈ పని ముందు చేసి, తర్వాత లాగ్‌లు పంపండి.

'ఒకే ప్లాట్‌ఫామ్' అన్న మాటను అక్షరాలా నమ్మకండి. సిగ్నలింగ్ ఇందులో లేదు, ఉండకూడదు కూడా. దాని భద్రతా నియమాలు వేరు, నెట్‌వర్క్ వేరు. అక్కణ్ణుంచి బాగుందా లేదా అన్న స్థితి మాత్రం ఒకే దిశలో పోనిచ్చే పరికరం గుండా మాకు వస్తుంది, మా వైపు నుంచి అటు ఒక్క బిట్ కూడా వెళ్లదు. పాత టికెట్ యంత్రాల్లో ఉన్న విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2020 జనవరిలోనే ఆగిపోయింది. కొత్తదానికి డేటా పంపే ప్రోగ్రామ్ వాటి మీద నడవదు. వాటిని ఇప్పటికీ 1988 నాటి ఎస్ఎన్ఎమ్‌పీ (నెట్‌వర్క్ మీద పరికరాల స్థితి అడిగే పద్ధతి) వారసత్వంతోనే పలకరిస్తున్నాం. బాగానే పలుకుతున్నాయి.

తొమ్మిది టూల్స్‌లో ఏడు ఆపేశాం. నెట్‌వర్క్ వాళ్లది ఒకటి ఉంచాం. ఇంకోటి మూలన ఒక చిన్న మెషీన్ మీద నడిచే నాగియోస్. దానికిప్పుడు ఒకే పని, కొత్తది బతికుందా అని నిమిషానికోసారి చూడటం. కిందటేడు కొత్తది క్లౌడ్‌లో రెండు గంటలు పడిపోయింది. అలర్ట్ ఒక్కటీ రాలేదు కాబట్టి అంతా ప్రశాంతంగా ఉందనుకుని టీ తాగుతూ కూర్చున్నాం. ఆ తర్వాతే ఈ ఏర్పాటు.

ఇంకో ఆరు నెలల్లో కాంట్రాక్ట్ గడువు ముగుస్తుంది. కంపెనీ రేటు పెంచుతామంటోంది. మా కలెక్టర్లు ఎవరి సొత్తూ కాదు కాబట్టి పంపే చిరునామా మారిస్తే డేటా ఇంకోచోటికి పోతుంది. ఆర్కిటెక్ట్ పట్టుదల ఫలమిచ్చింది అక్కడే. డాష్‌బోర్డులూ అలర్ట్ నియమాలూ మాత్రం దాని సొంత భాషలో రాసి ఉన్నాయి, అవి మనతో రావు. అందుకని గత నెల నుంచి ముఖ్యమైన అలర్ట్‌లన్నీ ఏం కొలుస్తున్నాయి, ఎందుకు, మోగితే ఎవరిని లేపాలి అన్నవి మామూలు మాటల్లో రాసి గిట్‌లో (మార్పుల చరిత్రతో సహా ఫైళ్లు దాచే చోటు) పెడుతున్నాం. నూట పన్నెండు పూర్తయ్యాయి. రాస్తూ ఉంటే వాటిలో ముప్పై దాకా ఎందుకున్నాయో మాలో ఎవరికీ తెలియదని తేలింది. వాటిని తీసేశాం. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.