అంకెలు లేని కొత్త నిబంధన: మూడు నెలలు చదివాక

అధ్యాయం, వచనం అంకెలు లేకుండా అచ్చేసిన ఈ బైబిలు కొత్త నిబంధనను కొన్న మొదటి వారంలోనే రిటర్న్ పెట్టేద్దామనుకున్నాను. పుస్తకంలో లోపమేమీ లేదు. అట్ట గట్టిది, అక్షరాలు పెద్దవి, కళ్లజోడు లేకుండానే చదవగలిగాను. కానీ యోహాను 3:16 తీద్దామంటే దొరకలేదు. సండే స్కూల్ నుంచి కళ్లు మూసుకుని తీసే వచనం అది. యోహాను సువార్త మొదలు ఎక్కడో కనిపెట్టి, పెళ్లి విందు దాటి, దేవాలయంలో బల్లలు పడదోసింది దాటి, యూదుల పెద్ద నీకొదేము రాత్రిపూట యేసు దగ్గరకు వచ్చిన చోటికి చేరేసరికి పావుగంట పట్టింది. అప్పటికి ఎందుకు వెతుకుతున్నానో మర్చిపోయి నీకొదేముతో పాటు కూర్చుండిపోయాను. ఆయన అడిగిన ప్రశ్నలు నిజానికి నావి కూడా. ఇన్నేళ్లుగా నేను నేరుగా పదహారో వచనం దగ్గర దిగేవాణ్ణి గనుక ఆయన్ని సరిగ్గా చూడలేదంతే.

ముందు పుస్తకం ఎలా ఉంటుందో చెప్తాను. ఇందులో కొత్త నిబంధన ఒక్కటే ఉంది. రెండు కాలమ్స్ కాదు, కథల పుస్తకంలా పేజీకి ఒకే కాలమ్. అధ్యాయం అంకెలు లేవు, వచనం అంకెలు లేవు, మధ్యలో ఉపశీర్షికలు లేవు, పక్కన రిఫరెన్సులు లేవు. లూకా సువార్త అయిపోగానే అపొస్తలుల కార్యములు వస్తుంది. రెండూ ఒకే మనిషి థెయొఫిలా అనే ఆయన్ని ఉద్దేశించి రాసినవి కాబట్టి అలా కలిపి పెట్టడం నాకు నచ్చింది.

ఇలాంటి పుస్తకం తెచ్చానని తెలిసి మా కూడికలో ఒకాయన "దేవుని వాక్యంలోంచి తీసేశారా!" అని కంగారుపడ్డారు. తీసేసింది వాక్యాన్ని కాదు. ఇప్పుడు మనం వాడే అధ్యాయాల విభజన 13వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండు ఆర్చిబిషప్ స్టీఫెన్ లాంగ్టన్ చేసినది అని చెప్తారు. కొత్త నిబంధనకు వచనాల అంకెలు వేసింది రాబర్ట్ ఎస్టియెన్ అనే ముద్రాపకుడు, 1551లో అచ్చేసిన గ్రీకు ప్రతిలో. ఆయన పారిస్ నుంచి లియోన్‌కు వెళ్లే ప్రయాణంలో ఈ పని చేశాడని ఆయన కొడుకే రాశాడు. గుర్రం తడబడినప్పుడల్లా అంకె తప్పుచోట పడిందని పండితులు జోకు వేస్తుంటారు. అంటే దాదాపు పదిహేను వందల ఏళ్లు విశ్వాసులు వచనం నంబర్ లేకుండానే చదివారు, విన్నారు, నమ్మారు. పౌలు కొరింథీయులకు పంపింది ఉత్తరం. ఎవరైనా ఇంట్లోవాళ్లకు రాసే ఉత్తరంలో లైనుకో నంబర్ వేస్తారా?

ఇక నా సంగతి. నేను వచనాల మనిషిని. రిఫరెన్స్ చెప్పగానే బైబిల్లో ఎవరు ముందు తీస్తారో అనే పోటీల్లో చిన్నప్పుడు నన్ను ఓడించినవాళ్లు తక్కువ. పెద్దయ్యాక ఆ అలవాటు వాదనల్లోకి వచ్చింది. ఎవరైనా ఏదైనా అంటే చాలు, నా దగ్గర అధ్యాయం, వచనం సిద్ధం. అవతలివాళ్లు నోరు మూసేవాళ్లు. దాన్ని నేను విశ్వాసం అనుకున్నాను. నోరు మూసినవాళ్లు మళ్లీ నా దగ్గరకు ఎందుకు రావట్లేదో ఆలోచించలేదు.

ఈ పుస్తకంతో నాకు మొదటి దెబ్బ పౌలు కొరింథీయులకు రాసిన మొదటి ఉత్తరం దగ్గర తగిలింది. ప్రేమ అధ్యాయం అందరికీ తెలుసు కదా, పెళ్లి పత్రికల మీద కూడా అచ్చేస్తారు. నేను దాన్ని ఎప్పుడూ విడిగానే చదివాను. ఈసారి ఉత్తరాన్ని ఒక శనివారం మధ్యాహ్నం మొదటి నుంచి కూర్చుని చదివితే, అది పెళ్లి మాటలా కాదు, తగువులాడుకునే సంఘానికి పెట్టిన చీవాట్లలా వినిపించింది. నేను ఫలానా వాడి మనిషినని ఒకడు, నాకు ఫలానా వరం ఉందని ఇంకొకడు. ఆ గొడవ మధ్యలో ఉంది ప్రేమ గురించిన ఆ మాట. అంతకు ముందూ వరాల గొడవే, ఆ తర్వాతా వరాల గొడవే.

ఒకే సిట్టింగులో చదవడం వల్ల ఇంకో మాట చెవిన పడింది: 'ఉప్పొంగడం'. ఒకరి పక్షాన ఇంకొకరి మీద ఉప్పొంగకండి అంటాడు. మీరు ఉప్పొంగి ఉన్నారు అంటాడు. జ్ఞానం ఉప్పొంగజేస్తుంది, ప్రేమ కడుతుంది అంటాడు. ఇవన్నీ విన్నాక వస్తుంది, ప్రేమ ఉప్పొంగదు అనే మాట. అప్పటికి అది కవిత్వంలా లేదు, నా వైపే తిరిగి అన్నట్టుంది. తర్వాత పాత బైబిలూ, ఏ మాట ఎక్కడెక్కడుందో చూపించే కాంకార్డెన్సూ తీసి లెక్కపెట్టాను (అలవాటు ఎక్కడికి పోతుంది). ఆ గ్రీకు మాట ఈ ఒక్క ఉత్తరంలోనే ఆరుసార్లుంది. కొత్త నిబంధన మొత్తంలో ఇంకొక్క చోట మాత్రమే ఉంది, కొలొస్సయులకు రాసిన పత్రికలో. అక్కడ దేని గురించో తెలుసా? వినయం చూపిస్తూ లోపల ఊరికే ఉప్పొంగేవాళ్ల గురించి. దీనత్వాన్ని మెచ్చుకునే ఆ మనిషే దొంగ దీనత్వం కూడా ఒకటుందని చెప్పి పోయాడు. ఇది చదివిన మర్నాడే కూడికలో "నేనైతే ఇప్పుడు అంకెలు లేకుండా చదువుతున్నానండీ" అని మెల్లగా, తల వంచుకుని చెప్పాను. చెప్తున్నప్పుడే నాకు తెలిసింది.

రెండో దెబ్బ ఇంట్లో. ఎఫెసీ 5:22, భార్యలు భర్తలకు లోబడాలనే వచనం, నేను సరదాకి అంటున్నట్టు అంటూనే చాలాసార్లు పని జరిపించుకున్న వచనం. ఒకరోజు మా ఆవిడ ఈ పుస్తకం చేతిలో పెట్టుకుని వచ్చింది.

"ఏవండీ, మీ వచనం ఎక్కడుందో చూపించండి."

"నా వచనమేంటి?"

"అదేనండీ, నాకు ఎప్పుడూ చెప్తారుగా."

వెతికి చూపించాను. ఆమె అక్కడ మొదలుపెట్టలేదు. రెండు లైన్లు పైనుంచి బిగ్గరగా చదవడం మొదలుపెట్టింది. క్రీస్తు మీది భయంతో ఒకరికొకరు లోబడండి అని ఉంది. ఆ వెంటనే, గీత లేదు, ఉపశీర్షిక లేదు, భార్యల మాట వచ్చింది. అది అయ్యాక భర్తల మాట వచ్చింది: క్రీస్తు సంఘాన్ని ప్రేమించి తన్ను తాను అప్పగించుకున్నట్టు ప్రేమించండి అని. ఆమె వేలు పెట్టి లైన్లు లెక్కపెట్టింది. భర్తలకు చెప్పింది భార్యలకు చెప్పినదానికి రెండింతల పైనే ఉంది. ఇంత పెద్ద ముక్క నేనెప్పుడూ ఇంట్లో చదవలేదు. ఆమె పుస్తకం మూసి, "సరే, కరెంటు బిల్లు కట్టారా?" అని అడిగి వెళ్లిపోయింది. నేనేమీ అనలేదు. అనడానికి నా దగ్గర నంబర్ లేదు.

తర్వాత తెలుసుకున్నదేంటంటే, పాత గ్రీకు ప్రతులు కొన్నిటిలో 22వ వచనంలో 'లోబడండి' అనే క్రియే లేదు. పై వాక్యం నుంచి అరువు తెచ్చుకుంటేనే అది పూర్తవుతుంది. పై వాక్యం అందరికీ చెప్పింది. ఆ రెండింటి మధ్య అంకె, చాలా బైబిళ్లలో ఓ ఉపశీర్షిక కూడా, తెచ్చి పెట్టి మనం ఎంత హాయిగా బతికామో.

ఇలాంటి అతుకులు ఇంకా చాలా కనిపించాయి. అన్నీ చెప్పను, రెండు చెప్తాను. లూకాలో ఒకచోట విధవరాళ్ల ప్రస్తావన వెంటవెంటనే రెండుసార్లు వస్తుంది కదా, ఒకటి శాస్త్రులు, అంటే యూదుల ధర్మశాస్త్ర పండితులు, విధవరాళ్ల ఇళ్లు దిగమింగుతారని యేసు అనే చోట, ఇంకొకటి రెండు కాసులు వేసిన పేద విధవరాలి చోట. మధ్యలో అధ్యాయం మారుతుంది. అందుకే కానుకల గురించి చెప్పాల్సి వస్తే నేను రెండోదాన్నే చెప్పేవాణ్ణి. ఇక్కడ అవి ఒకే పేరాలో పక్కపక్కనే ఉన్నాయి. ఆమె తన బతుకంతా ఆ పెట్టెలో వేస్తుంటే యేసు మెచ్చుకుంటున్నాడా, బాధపడుతున్నాడా? రెండూ కావచ్చు. ఇక ఆ పాఠం మునుపటిలా చెప్పలేను.

రెండోది యోహానులో. యేసు శిష్యుల కాళ్లు కడిగిన రాత్రి. తనను పట్టించబోయేవాడు ఇంకా ఆ గదిలోనే ఉన్నాడు, వాడి కాళ్లు కూడా కడిగాడు. కాసేపటికి పేతురు, నీకోసం ప్రాణం పెడతానంటాడు. కోడి కూయకముందే మూడుసార్లు నన్ను ఎరగనంటావు అని జవాబు. మామూలు బైబిల్లో 13వ అధ్యాయం అక్కడ అయిపోతుంది. పేజీ తిప్పితే 14 కొత్తగా మొదలవుతుంది, మీ హృదయాన్ని కలవరపడనివ్వకండి అని. ఆ మాట నేను విన్నదంతా భూస్థాపన కూడికల్లో. ఇక్కడ ఆ రెండు మాటల మధ్య ఖాళీ లేదు. నువ్వు నన్ను ఎరగనంటావు, కలవరపడకు. ఒకే ఊపిరిలో అన్నట్టు. ఆ లైను దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టబోయి ఆగాను. కాగితం అంత పల్చన.

అన్నట్టు కాగితం గురించి చెప్పాలి. అది ఈ పుస్తకంలో పెద్ద మైనస్. వెనక పేజీ అక్షరాలు ముందుకు కనిపిస్తాయి, లైటు కింద ఇంకా ఎక్కువ. బాల్‌పెన్ పెడితే అటువైపు గుంటలు పడతాయి. పేజీ గుర్తుకు ఇచ్చిన రిబ్బన్ చివర రెండో నెలకే పీచు లేచింది, అగ్గిపుల్లతో అంటించి ఆపాను.

ఇంకో ఇబ్బంది, ఆదివారం. పాస్టర్ గారు రిఫరెన్స్ చెప్పి చదవడం మొదలుపెడితే ఈ పుస్తకంతో అక్కడికి చేరలేం. నాలుగు ఆదివారాలు ప్రయత్నించి మానేశాను. ఇప్పుడు ఆరాధనకు పాతదే తీసుకెళ్తున్నాను. బోధించేవాళ్లకు, క్విజ్‌కు తయారయ్యే పిల్లలకు ఇది పనికిరాదు. కొత్త నిబంధనలో 260 అధ్యాయాలు, దాదాపు 7,950 వచనాలు ఉన్నాయి. పదిమందీ కలిసి ఒకేచోట తెరవాలంటే ఆ అంకెలు లేకుండా కుదరదు. ఎస్టియెన్‌ను నేను తిట్టట్లేదు.

కానీ ప్రచురించినవాళ్ల మీద నిజంగా కోపం వచ్చింది మార్కు చివర. ఆడవాళ్లు ఖాళీ సమాధి చూసి, వణికిపోతూ పారిపోయి, భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పలేదు అనే చోట, 4వ శతాబ్దపు గ్రీకు చేతిరాత ప్రతులైన సినాయ్ ప్రతి, వాటికన్ ప్రతి రెండూ ఆగిపోతాయి. ఆ తర్వాత ఉన్న భాగం వాటిలో లేదు. అడ్డమైనవన్నీ తీసేస్తాం, పాఠకుణ్ణి అసలు రూపానికి దగ్గర చేస్తాం అని ముందుమాటలో రాసుకున్నవాళ్లు, ఇక్కడ ఒక చిన్న గీతైనా పెట్టకుండా దాన్నీ దీన్నీ కలిపేసి అచ్చేశారు. ఇది శుభ్రంగా ఉంచడం కాదు, దాచడం. దీనికి ఒక స్టార్ కట్ చేశాను.

మార్కు గురించే ఇంకొక్క మాట. నా బైబిలు అట్ట లోపల చిన్నప్పుడు అంటించిన స్టిక్కర్ ఒకటుంది, మార్కు 9:23. నమ్మేవాడికి అన్నీ సాధ్యమే. పరీక్షలకు, ఇంటర్వ్యూలకు, టెన్షన్ వచ్చినప్పుడల్లా అదే నా మందు. పని జరగకపోతే, నేను సరిగ్గా నమ్మలేదు అనుకునేవాణ్ణి. ఎదుటివాడి పని జరగకపోతే వాడు సరిగ్గా నమ్మలేదు అనేవాణ్ణి. ఇది ఒకరి మొహం మీదే అన్నాను, వాళ్ల బిడ్డ ఆసుపత్రిలో ఉన్నప్పుడు. నేను కంఠతా పట్టింది 9:23 వరకే. ఈ పుస్తకంలో ఆ మాట దగ్గర కన్ను ఆగడానికి ఏమీ లేదు, జారి కింది లైనుకు వెళ్లిపోతుంది. అక్కడ జబ్బు పిల్లాడి తండ్రి అరుస్తాడు: నమ్ముతున్నాను, నా అపనమ్మకంలో నాకు సాయం చెయ్యి! ఆ అరుపుకు యేసు లెక్చర్ ఇవ్వలేదు. నీ నమ్మకం ఎంత శాతం అని అడగలేదు. పిల్లాణ్ణి బాగుచేశాడు. అదే సువార్తలో అటూ ఇటూ తనకు జరగబోయే శ్రమల గురించి ఆయన మూడుసార్లు చెప్తే, మూడుసార్లూ శిష్యులకు ఎక్కలేదు. ఒకసారైతే మనలో ఎవడు గొప్ప అని దారిలో వాదించుకుని, ఏం మాట్లాడుకుంటున్నారని అడిగితే నోరు మెదపలేదు. నేను ఆ గుంపులో మనిషినే. ఆ తండ్రి పక్కన నిలబడే అర్హత నాకు ఎప్పటికి వస్తుందో.

ఆసుపత్రిలో అలా అన్నవాళ్ల ఇంటికి కిందటి నెల వెళ్లాను. చేతిలో ఏ పుస్తకమూ లేకుండా. క్షమించమని అడిగాను. ఆయన టీ ఇచ్చి, "అప్పుడు మీరన్నది నాకు వచనంతో సహా గుర్తుంది బ్రదర్" అన్నారు. అంతకుమించి ఏమీ అనలేదు. వెళ్లేటప్పుడు గేటు దాకా వచ్చారు.

ఐదుకు నాలుగు ఇస్తున్నాను. పోయిన ఆ ఒకటి మార్కు చివరి పేజీకే. కాగితం, రిబ్బన్ సంగతి సర్దుకుపోవచ్చు. బైబిలు మొదటిసారి చదివేవాళ్లకు దీన్ని ధైర్యంగా ఇవ్వొచ్చు, కథలా సాగిపోతుంది. బాగా తెలిసినవాళ్లకైతే పాత బైబిలు దగ్గర పెట్టుకోమంటాను, కానీ మొదటి నెల తెరవద్దు.

ప్రస్తుతం పుస్తకం మా ఆవిడ దగ్గరే ఉంది, నాకు వారం నుంచి దొరకట్లేదు. ఎక్కడిదాకా వచ్చావని నిన్న రాత్రి అడిగితే, రిబ్బన్ ఉన్నచోట వేలు పెట్టి మందం చూపించింది.

"ఇదిగో, ఇంతదాకా."