ఫ్రిజ్‌లో గ్యాస్ అయిపోయిందనే మెకానిక్‌తో జాగ్రత్త

పాత ఫ్రిజ్ సరిగా చల్లబడటం లేదని పిలిస్తే, కంప్రెసర్ మీద ఒకసారి చెయ్యి ఆనించి చూసి "గ్యాస్ అయిపోయింది, నింపాలి" అని తేల్చేసే మెకానిక్‌ల గురించి, కొత్తది కొనే స్తోమత లేక ఉన్నదానితోనే నెట్టుకొస్తున్న వారిని హెచ్చరించడానికి ఇది రాస్తున్నాను. ఆ మాటకు తలూపితే పోయేది ఒక మరమ్మతు ఖర్చు మాత్రమే కాదు. అసలు లోపం అలాగే ఉండిపోతుంది, అంతవరకు చెక్కుచెదరని రాగి గొట్టానికి రంధ్రం పడుతుంది, కొన్ని వారాలకు అదే మనిషి మళ్లీ వచ్చి ఈసారి కంప్రెసరే పోయిందంటాడు.

మా ఇంట్లో ఉన్నది రెండు తలుపుల ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్, అంటే మంచును తనంతట తానే కరిగించుకునే రకం. పైన ఫ్రీజర్‌లో నీళ్లు గడ్డకడుతూనే ఉన్నా కింది భాగం మాత్రం చల్లబడటం మానేసింది. కంపెనీ సర్వీసు సెంటరు పేరుతో ఇంటర్నెట్‌లో కనబడిన నంబరుకు ఫోన్ చేస్తే, ముందురోజు రాత్రే ఫ్రిజ్ ఆపేసి, ఖాళీ చేసి, తలుపులు తెరిచి ఉంచమన్నారు. మర్నాడు వచ్చిన వ్యక్తి ఫ్రీజర్ లోపలి ప్యానెల్ విప్పలేదు, కరెంటు పరీక్షించే మీటరు బయటకు తీయలేదు. కంప్రెసర్ పక్కనున్న గొట్టానికి, దాన్ని పొడిచి గ్యాస్ ఎక్కించే పంక్చర్ వాల్వు బిగించి, చిన్న డబ్బాలోంచి గ్యాస్ ఎక్కించి, గేజి ముల్లు కదలడం చూపించి, రసీదు మీద "గ్యాస్ ఫిల్లింగ్" అని రెండే రెండు ముక్కలు రాసి ఇచ్చాడు. లీకు ఎక్కడుందని అడిగితే, "పాతబడ్డాక గ్యాస్ తగ్గిపోవడం మామూలేనండీ" అన్నాడు.

ఫ్రిజ్ ఆ సాయంత్రం నుంచే చక్కగా పనిచేసింది. ఎవరైనా నమ్మేసేది సరిగ్గా ఇక్కడే కాబట్టి దీని వెనుక కారణం కాస్త వివరంగా చెబుతాను. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో చల్లదనాన్నిచ్చే కాయిల్, దాని మీదుగా గాలిని కింది భాగానికి పంపే ఫ్యాను, రెండూ ఫ్రీజర్ ప్యానెల్ చాటున ఉంటాయి. కాయిల్ మీద పేరుకునే మంచును కొన్ని గంటలకొకసారి ఒక హీటరు కరిగిస్తుంది. ఆ హీటరు గాని, దానిని నడిపించే టైమరు లేదా సెన్సరు గాని చెడిపోతే మంచు గడ్డకట్టి గాలి దారిని మూసేస్తుంది; అప్పుడు పైన చల్లగానే ఉంటుంది, కింద మాత్రం ఉండదు. రాత్రంతా ఆపి తలుపులు తెరిచి ఉంచడంతో ఆ మంచు దానంతటదే కరిగిపోయి దారి తెరుచుకుంది. గ్యాస్ చేసిందేమీ లేదు. ఫోనులో ఇచ్చిన ఆ సలహా కస్టమరు సౌకర్యం కోసమేనని ఇప్పటికీ నేను అనుకోలేను.

కొన్ని వారాలకు కింది భాగం మళ్లీ వెచ్చబడింది. అతను వచ్చి కంప్రెసర్ బలహీనపడిందని, ఈ రోజే ఒప్పుకుంటే తక్కువలో వేస్తానని తొందరపెట్టాడు. అతన్ని పంపించి, తెలిసినవారి ద్వారా పిలిపించిన మరో మెకానిక్ ముందుగా ప్యానెల్ విప్పాడు. కాయిల్ రేకులు కనిపించకుండా తెల్లటి పలకలా మంచు కప్పేసి ఉంది. అది కరిగాక హీటరు రెండు కొసలకూ మీటరు ఆనిస్తే రీడింగే రాలేదు. హీటరు మార్చడంతో అసలు లోపం పోయింది. అయితే ఆ పంక్చర్ వాల్వు మీద సబ్బు నురగ రాసి చూస్తే, ఫ్రిజ్ ఆపి ఉన్నంతసేపూ సన్నని బుడగలు ఒకదాని వెంట ఒకటి లేస్తూనే ఉన్నాయి. లేని లీకుకు చేసిన వైద్యం నిజమైన లీకును తెచ్చిపెట్టింది. దానిని సరిచేయించడానికి హీటరు కంటే ఎక్కువే అయింది.

ఫ్రిజ్‌లోని గ్యాస్ బండిలోని పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంది. అది తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఆ లీకు పట్టుకోకుండా గ్యాస్ ఎక్కిస్తే అది కూడా అదే దారిన పోతుంది. నిజంగా గ్యాస్ పని అవసరమైతే, ఉన్నది తీసేసి, నైట్రోజన్ పీడనంతో లీకు వెతికి, దానిని మూసి, తేమను, మలినాలను పట్టే ఫిల్టర్ డ్రయర్ కొత్తది వేసి, వాక్యూమ్ పంపుతో లోపలి గాలిని, తేమను లాగేసి, ఆ తరువాతే గ్యాస్‌ను తూచి ఎక్కించాలి. తేమ మిగిలితే వెంట్రుకంత సన్నని దారి ఉన్న క్యాపిలరీ గొట్టం చివర అది గడ్డకట్టి ప్రవాహమే ఆగిపోతుంది. ఇంత పని పది నిమిషాల్లో అయ్యేది కాదు. వాక్యూమ్ పంపు, తూకం వెంట తెచ్చుకోని మనిషి ఈ పని సరిగా చేయలేడు.

ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అన్నది ఫ్రిజ్ మీద అతికించిన ప్లేటు మీదే ముద్రించి ఉంటుంది. ఓజోన్ పొరను కాపాడేందుకు 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం తరువాత పాత ఆర్-12 గ్యాస్ క్రమంగా పోయి ఆర్-134ఎ వచ్చింది. ఇప్పటి ఇళ్లలోని ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఉండేది ఆర్-600ఎ. ఇది ఐసోబ్యూటేన్, అంటే మండే వాయువు. ఇంటి ఫ్రిజ్‌లో సాధారణంగా 150 గ్రాములకు మించి ఉండదు కనుక పది ఇరవై గ్రాముల తేడా కూడా పెద్దదే. గేజి చూసి అందాజుగా ఎక్కించడం కుదరదు. ఒకదాని బదులు మరొకటి నింపడం, గొట్టాల్లో ఆర్-600ఎ ఉండగానే మంటతో అతుకు వేయడం, రెండూ ప్రమాదమే. ప్లేటు మీద ఉన్న పేరు, అతని డబ్బా మీద ఉన్న పేరు ఒకటేనా అని చూడటానికి సాంకేతిక జ్ఞానమేదీ అక్కరలేదు.

ఎవరినైనా పిలిచే ముందు ఫ్రాస్ట్ ఫ్రీ ఉన్నవారు ఖర్చు లేని పరీక్ష ఒకటి చేసుకోవచ్చు. ప్లగ్గు తీసి, తలుపులు తెరిచి, కింద గుడ్డలు పరిచి 24 గంటలు వదిలేసి మళ్లీ ఆన్ చేయండి. కొన్నాళ్లు బాగా పనిచేసి మళ్లీ అదే తంతు మొదలైతే అనుమానించవలసింది మంచు కరిగించే భాగాలనే గాని గ్యాస్‌ను కాదు. ఒకే తలుపున్న పాత రకం వేరు: అందులో మంచు ఒక మూలనే పట్టి మిగతా ఫ్రీజర్ పొడిగా ఉంటే గ్యాస్ తగ్గిందని అనుమానించడం సబబే. ఆ రకంలో మంచును కత్తితో పొడిచి తీసేవారు గ్యాస్ తిరిగే అల్యూమినియం పలకకు తామే రంధ్రం చేసుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి.

కంప్రెసర్ కాసేపటికొకసారి టక్కుమని మళ్లీ ఊరుకుంటుంటే, కంప్రెసర్ పోయిందని ఒప్పుకునే ముందు దాని పక్కనుండే రిలే (కంప్రెసర్‌ను స్టార్ట్ చేసేది), ఓవర్‌లోడ్ (అది వేడెక్కితే ఆపేది) రెండింటినీ పరీక్షించమనండి. అవి చిన్న భాగాలు, విడిగా దొరుకుతాయి. తలుపు రబ్బరు వదులైనా, వేడిని బయటకు వదిలే వెనుక కాయిల్‌కు దుమ్ము పట్టినా చల్లదనం తగ్గుతుంది. ఇవి మెకానిక్ లేకుండానే చూసుకోదగినవి.

సర్వీసు నంబరును సెర్చిలో వెతక్కుండా ఫ్రిజ్‌తో వచ్చిన పుస్తకం నుంచో, కంపెనీ సొంత వెబ్‌సైటు నుంచో తీసుకోండి. మార్చిన ప్రతి భాగం పేరు, గ్యాస్ రకం, గ్రాములు, ఎన్నాళ్ల వారంటీ అన్నది రసీదు మీద రాయించుకుని, తీసేసిన పాత భాగాన్ని మీ దగ్గరే ఉంచుకోండి. సర్క్యూట్ బోర్డును వర్క్‌షాపులో చూపిస్తానని ఊడదీసి పట్టుకెళతానంటే మాత్రం ఒప్పుకోవద్దు. బోర్డు అతని చేతిలో ఉన్నంతకాలం బేరం కూడా అతని చేతిలోనే ఉంటుంది.

చేతిలో డబ్బు తక్కువగా ఉన్నప్పుడు నేను పెట్టుకున్న లెక్క ఇది: హీటరు, ఫ్యాను, రిలే, రబ్బరు వంటి విడి భాగాల వరకైతే ఎంత పాత ఫ్రిజ్‌కైనా ఖర్చు పెడతాను, గ్యాస్ గొట్టాలు తెరవాలన్నా, కంప్రెసర్ మార్చాలన్నా ఇంకొకరికి చూపించకుండా, రాతపూర్వక వారంటీ లేకుండా పైసా ఇవ్వను. రీకండిషన్ చేసిన కంప్రెసర్ చవకగా వేస్తామంటే దాని మీద ప్లేటు ఉందో లేదో చూడండి. నల్ల రంగు కొత్తగా పూసి ఉండి ప్లేటు లేకపోతే, అది ఏ గ్యాస్ కోసం తయారైందో తెలుసుకోవడానికి మీకు ఆధారమేమీ ఉండదు.